రష్యన్ తాబేలుకి ఇంట్లో గూడు ఎలా కట్టాలి? రోజంతా గాజు గోడని గీకుతూనే ఉంది

నోవై_నాన్న:

అందరికీ నమస్కారం. మిషిగన్‌లో నోవైలో ఉంటాం. నేను ఇంతవరకు కుక్కని కూడా పెంచిన వాణ్ణి కాదు, ప్రశ్న మరీ అమాయకంగా ఉంటే నవ్వుకోండి గానీ జవాబు మాత్రం ఇవ్వండి.

మూడు వారాల క్రితం మా టీమ్‌లో ఒకాయన ఉద్యోగం మారి సియాటిల్ వెళ్తూ తన తాబేలుని మా అమ్మాయి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. రష్యన్ టార్టాయిస్ అన్నాడు. నీళ్ళలో ఉండేది కాదు, మెట్ట తాబేలు. అయిదున్నర అంగుళాలు ఉంటుంది, లేత గోధుమరంగు డిప్ప, మధ్యలో నల్లటి మరకలు. అమ్మాయి దానికి బూరె అని పేరు పెట్టింది. నిజంగానే బూరెలా ఉంటుంది, కాస్త మాడిన బూరె.

దానితో పాటు వచ్చిన సామాను ఇది: 20 గ్యాలన్ల గాజు తొట్టి (30 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు), కింద పరవడానికి కుందేళ్ళకి వేసే గడ్డి గుళికలు, చుట్టలు తిరిగిన యూవీ బల్బు ఒకటి, రాత్రి వేయడానికి ఎర్ర బల్బు ఒకటి, ఒక ప్లాస్టిక్ కొబ్బరి చెట్టు. షాపులో ఇదంతా కలిపి కిట్‌గా అమ్మారట, తాబేలు బొమ్మ కూడా ఉంది డబ్బా మీద. కాబట్టి సరైనదే అనుకున్నాను.

మొదటి రెండు వారాలు పొద్దున లేచింది మొదలు ఒకే మూలకి వెళ్ళి ముందు కాళ్ళతో గాజుని గీకడమే. గర్ గర్ గర్ అని ఒకటే శబ్దం. నేను పక్క గదిలోనే పని చేస్తాను, కాల్‌లో ఉన్న వాళ్ళు మీ ఇంట్లో ఏదో రిపేరు జరుగుతోందా అని అడిగేవాళ్ళు. ఇప్పుడు నాలుగు రోజుల నుంచి ఆ శబ్దం కూడా లేదు, అదే టెన్షన్‌గా ఉంది. కళ్ళు సగం మూసుకుని కొబ్బరి చెట్టు కింద కూర్చుంటోంది, తిండి దగ్గరికి రావట్లేదు.

ఇంకో సంగతి, మా అత్తగారు వచ్చి ఉన్నారు. ఆవిడకి అది కూర్మావతారం, అందుకని ప్రేమ ఎక్కువ. పాలకూర పెట్టారు, అరటిపండు పెట్టారు, ఒకరోజు నేను చూసేసరికి పెరుగన్నం ముద్ద కూడా ఉంది పళ్ళెంలో. చెప్పుల స్టాండు పక్కన పెట్టామని నా మీద కోపం కూడా.

నా ప్రశ్నలు: తొట్టి మార్చాలా, మారిస్తే ఎంతది? కింద ఏం పరవాలి? ఏ లైటు? చలికాలం బేస్‌మెంట్‌లో పెట్టేసి నిద్రపోనిస్తే సరిపోతుందా, అక్కడ 60 డిగ్రీలు ఉంటుంది (ఫారెన్‌హీట్)? మా అమ్మాయేమో ఒంటరిగా ఉండి దిగులు పడుతోంది, ఇంకోటి తెద్దాం అంటోంది.


మట్టిచేతులు:

నోవై_నాన్న గారూ, మాది కొలంబస్, ఒహాయో. ఇదే జాతి ఆడ తాబేలు మా ఇంట్లో పదకొండేళ్ళ నుంచి ఉంది. మీరు చేసినవన్నీ నేనూ చేశాను, పెరుగన్నం తప్ప.

ముందు అర్జెంటు సంగతి. కళ్ళు మూసుకుని తిండి మానేసిన తాబేలుని ఇల్లు మార్చి బాగుచేద్దాం అని చూడకండి, ఇవాళే డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి. కుక్కలూ పిల్లుల డాక్టర్ కాదు, సరీసృపాలు చూసేవాళ్ళు కావాలి. ఏఆర్ఏవీ అని సరీసృపాల వైద్యుల సంఘం ఉంది, వాళ్ళ వెబ్‌సైట్‌లో వెతికితే మీ చుట్టుపక్కల ఎవరున్నారో తెలుస్తుంది. వెళ్ళేటప్పుడు ఆ రోజు వేసిన పెంట ఒక డబ్బాలో పట్టుకెళ్ళండి, పురుగులున్నాయేమో చూస్తారు. ఈ జాతిలో అది చాలా మామూలు. ఎవరైనా కుక్కలకిచ్చే ఐవర్‌మెక్టిన్ వేయమంటే మాత్రం ఒప్పుకోకండి, అది తాబేళ్ళకి విషం.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేలోపు రెండు పనులు చేయండి. ఆ చుట్టల బల్బు తీసేయండి. అలాంటి వాటితో కళ్ళు మండి మూసుకుపోయిన కేసులు చాలా ఉన్నాయి. రెండోది, రోజూ గోరువెచ్చటి నీళ్ళలో అరగంట కూర్చోబెట్టండి. పై డిప్ప, కింది డిప్ప కలిసే చోటు దాకా నీళ్ళుంటే చాలు, తల సుఖంగా పైకి ఉండాలి. నీళ్ళు చల్లారితే మార్చండి. మూడు వారాలు ఎండు గుళికల మీద ఉంది కదా, ఒంట్లో నీళ్ళు లేక కూడా కళ్ళు లోపలికి పోతాయి. నీళ్ళలో తెల్లగా పేస్టులా వదిలితే భయపడకండి, అది దాని మూత్రంలో భాగమే. ఆ తెలుపు ఇసకలా గరగరలాడుతుంటే మాత్రం నీళ్ళు బాగా తక్కువైనట్టు. ఈ స్నానం టబ్బు విడిగా పెట్టుకోండి, వంటింటి సింకులో వద్దే వద్దు. ఆరోగ్యంగా ఉన్న తాబేలు ఒంటి మీద కూడా సాల్మొనెల్లా ఉండొచ్చు. నాలుగంగుళాల కంటే చిన్న తాబేళ్ళని అమ్మకూడదని ఇక్కడ 1975లో రూల్ పెట్టిందే అందుకు, పిల్లలు నోట్లో పెట్టుకుని జబ్బు పడుతున్నారని. అమ్మాయి ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి.

ఇక ఇల్లు. గాజు ఉందని దానికి అర్థం కాదండి. అవతల దారి కనిపిస్తోంది కాబట్టి వెళ్ళొచ్చు అనుకుంటుంది, వెళ్ళలేకపోతుంది, మళ్ళీ ప్రయత్నిస్తుంది. మీరు విన్న గర్ గర్ అదే. ఈ రాత్రికే బయటి వైపు నుంచి చుట్టూ ఆరంగుళాల ఎత్తు బ్రౌన్ పేపర్ అంటించండి, తేడా కనిపిస్తుంది. కానీ అసలు లోటు చోటు. నాలుగడుగులు రెండడుగుల పెట్టెలో ఇది బతుకుతుంది, ఎనిమిది నాలుగైతే నడుస్తుంది. ఎత్తు దానికి పనికిరాదు, నేల కావాలి.

నేను చేసింది చెప్తాను. ఐకియాలో బిల్లీ పుస్తకాల బీరువా ఉంటుంది కదా, పెద్ద సైజుది (80 సెంటీమీటర్ల వెడల్పు, 202 పొడవు, 28 లోతు). అది వెల్లకిలా పడుకోబెట్టాను, అరలు తీసేశాను. మధ్యలో ఒక అర కదలదు, దానికి రంపంతో గుమ్మం కోశాను. అంతే, రెండు గదుల ఇల్లు తయారు: ఒకటి ఎండ గది, ఒకటి చల్ల గది. వెనక చెక్క అట్టలా పల్చగా ఉంటుంది, మట్టి బరువుకి ఆగదు, కింద ప్లైవుడ్ వేసి, లోపల పాత షవర్ కర్టెన్ పరిచి అంచులు పైదాకా స్టేపుల్ చేశాను. లేకపోతే తేమకి ఆరు నెలల్లో చెక్క ఉబ్బిపోతుంది.

ఒక తప్పు చేశాను, మీరు చేయకండి. అయిదంగుళాల మట్టి పోశాక గోడ ఆరంగుళాలే మిగిలింది, ఇంత బరువున్నది ఎక్కుతుందా అనుకున్నాను. ఎక్కింది. మూలలో ఒక కాలు ఈ గోడకి, ఒక కాలు ఆ గోడకి తన్ని పెట్టి అవతలికి దూకింది. రెండు రోజులు ఇల్లంతా వెతికాం. వాషింగ్ మెషీన్ వెనక, డ్రయ్యర్ నుంచి రాలిన నూగు అంతా ఒంటికి అంటించుకుని గొర్రెపిల్లలా కూర్చుని ఉంది. ఆ తర్వాత పైన చుట్టూ నాలుగంగుళాల చెక్క లోపలికి వంగేలా బిగించాను.

మట్టి సంగతి: ఎరువు కలపని మామూలు తోట మట్టి మూడు వంతులు, కొబ్బరి పొట్టు ఇటుక నానబెట్టి విడగొట్టింది రెండు వంతులు. బస్తా మీద పెర్లైట్ అని ఉంటే కొనకండి, ఆ తెల్ల గుళ్ళు ఏరుకుని మింగేస్తుంది. ఇసక ఒక్కటే వద్దు, దేవదారు చెక్క పొట్టు అసలే వద్దు (వాసన బాగుంటుంది గానీ ఆ నూనెలు దానికి పడవు). పిడికిట్లో పట్టి నొక్కితే మట్టి ముద్ద కట్టాలి, నీళ్ళు కారకూడదు. మీ దగ్గర చలికాలం ఫర్నేస్ ఆన్ అయితే ఇంట్లో గాలి మన పెదవులే పగిలేంత పొడిగా అయిపోతుంది, కాబట్టి వారానికోసారి మూలల్లో చెంబుడు నీళ్ళు పోసి కలియబెట్టాలి. పైన పొడిగా ఉన్నా అడుగున చెమ్మ ఉంటే చాలు.

వెలుగు, వేడి. ఇక్కడ మాత్రం పిసినారితనం చేయకండి. పొడుగు ట్యూబు యూవీ లైటు కావాలి, టీ5 హెచ్ఓ అని రాసి ఉంటుంది, 10.0 అనో 12 శాతం అనో ఉన్నది. దాని డిప్ప నుంచి ఒకటిన్నర అడుగు పైన వేలాడాలి, మధ్యలో గాజు గానీ ప్లాస్టిక్ గానీ అడ్డం ఉండకూడదు, యూవీ దాటదు. కిటికీ దగ్గర పెట్టాం కదా ఎండ వస్తుంది అని చాలామంది అనుకుంటారు, అదీ అందుకే దండగ, పైగా జనవరిలో కిటికీ దగ్గర చలిగాలి. ట్యూబు ఏడాదికోసారి మార్చాలి, వెలుగుతూనే ఉంటుంది కానీ యూవీ అయిపోయి ఉంటుంది. కొన్న తారీకు ట్యూబు మీదే మార్కర్‌తో రాసేయండి. ఆ యూవీ లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు, డిప్ప మెత్తబడిపోతుంది.

దాని పక్కనే హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు హాలోజెన్ ఫ్లడ్ బల్బు, 75 వాట్లది. కింద ఒక నాపరాయి. ఆ రాయి మీద 95 నుంచి 100 డిగ్రీలు (సెల్సియస్‌లో 35 నుంచి 38) రావాలి, అవతలి గది 70-75 ఉండాలి. తాబేలు తన ఒళ్ళు తానే వేడి చేసుకోలేదు, ఎండ గదికీ చల్ల గదికీ తిరుగుతూ సరిచూసుకుంటుంది. మీ 30 అంగుళాల తొట్టిలో తిరగడానికి తేడా ఎక్కడుంది, అంతా ఒకే పెనం! చేత్తో పట్టుకుని నొక్కే టెంపరేచర్ గన్ ఒకటి కొనండి, గోడకి అంటించే గుండ్రటి మీటర్లని నమ్మకండి. బల్బుని క్లిప్పుతో వదిలేయకుండా గొలుసుతో పైకప్పుకో స్టాండుకో కట్టండి, క్లిప్పు జారి మట్టి మీద పడితే ఇల్లు తగలబడుతుంది. టైమర్ పెట్టి పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా.

ఎర్ర బల్బు పారేయండి. తాబేళ్ళకి ఎరుపు బాగా కనిపిస్తుంది, మన పడగ్గదిలో రాత్రంతా దీపం పెట్టినట్టే. ఆరోగ్యంగా ఉన్న పెద్దదానికి రాత్రి 65 ఉన్నా పర్వాలేదు. మీది జబ్బుగా ఉంది కాబట్టి కోలుకునేదాకా రాత్రి కూడా 75కి తగ్గకుండా, వెలుగు రాని సెరామిక్ హీటర్, దానికి థర్మోస్టాట్ పెట్టండి.

బేస్‌మెంట్‌లో నిద్ర ఈ ఏడాది వద్దు. నిద్రపుచ్చాలంటే 40ల్లో ఉండాలి, 60 అంటే అటు నిద్రా కాదు ఇటు మెలకువా కాదు, తినదు, ఒంట్లో ఉన్నది కరిగిపోతుంది. జబ్బు తాబేలుని నిద్రపుచ్చితే లేవదు.

రెండోది తేవద్దు. అమ్మాయికి నెమ్మదిగా చెప్పండి, ఇవి ఒంటరి జీవులు. రెండింటిని కలిపితే ఒకటి ఇంకోదాన్ని కరుస్తుంది, ఢీకొడుతుంది, లేదా ఊరికే ఎదురుగా నిలబడి తిండి దగ్గరికి రానివ్వదు. పక్కపక్కనే కూర్చున్నాయి ఎంత ముద్దుగా ఉన్నాయో అని ఫోటోలు పెడతారు చూడండి, చాలాసార్లు అది ముద్దు కాదు, మంచి చోటు కోసం తగాదా.

తిండి రేపు రాస్తాను, ఇప్పటికే చాలా అయింది.


ఫీనిక్స్_శీను:

ఇంత హడావుడి అవసరమా అండి? మాకు ఆరిజోనాలో రెండేళ్ళుగా ఇదే తాబేలు పెరట్లో తిరుగుతోంది, లైటూ లేదు గియిటూ లేదు. రష్యన్ అంటే ఎడారి జంతువు, పొడిగా ఉంచాలి, తడి మట్టిలో పెడితే నిమ్ము చేసి పోతుంది అని నేను కొన్న దగ్గర గట్టిగా చెప్పారు. ముక్కులోంచి బుడగలు వస్తే ఎవరిది బాధ్యత?


మట్టిచేతులు:

శీను గారూ, మీ పెరట్లో పైన సూర్యుడున్నాడు కదండీ, అంతకంటే మంచి యూవీ బల్బు ఎవరూ చేయలేదు. నోవైలో నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఆయన సెలవు మీద ఉంటాడు. అందుకే ఈ సరంజామా అంతా.

పొడి సంగతి సగం నిజం. కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్, ఆఫ్గనిస్తాన్ వైపు స్టెప్పీ మైదానాలు దీనివి, పైన చూస్తే ఎండు నేలే. కానీ ఆ ఎండలో ఇది బయట కూర్చుంటుందా? ఏడాదిలో ఒక మూడు నెలలు, అదీ వసంతంలో గడ్డి పచ్చగా ఉన్నప్పుడు పైకొచ్చి తిని తిరుగుతుంది, మిగతా కాలమంతా లోతుగా తవ్వుకున్న బొరియలోనే. ఆ బొరియలో చెమ్మ ఉంటుంది. మనం పైన కనిపించే ఎడారిని చూసి ఇంట్లో పొడి గుళికలు పోస్తున్నాం, దాని అసలు ఇల్లు కింద ఉన్నది. మీ దాన్ని కూడా గమనించండి, మధ్యాహ్నం ఎక్కడ దూరుతోందో.

నిమ్ము చేసేది చలీ తడీ కలిస్తే. వెచ్చటి చెమ్మ ఏం చేయదు. నొక్కితే నీళ్ళు కారకూడదు అన్నది అందుకే.

ఒక పిట్టకథ. 1968 సెప్టెంబర్‌లో సోవియట్ వాళ్ళు జోండ్ 5 అనే నౌకలో ఈ జాతి తాబేళ్ళు రెండింటిని పంపారు. చంద్రుడి చుట్టూ తిరిగి ప్రాణాలతో తిరిగొచ్చాయి, మనుషుల కంటే మూడు నెలల ముందే. కొంచెం బరువు తగ్గాయంతే. అంత గట్టి ప్రాణి, మన ఇళ్ళలో గాజు డబ్బాలో నీరసించి పోతోంది.

తిండి: నోవై_నాన్న గారూ, మీ అత్తగారిని ఏమీ అనకండి పాపం, పాలకూర మనకి మంచిదే, దానికి మాత్రం కాదు. పాలకూర, తోటకూర, గోంగూర, మూడింటిలోనూ ఆక్సలేట్లు ఎక్కువ, కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. పండ్లు వద్దు, పేగుల్లో పులిసిపోతాయి. అన్నం, రొట్టె, పెరుగు అసలే వద్దు. పెరట్లో డాండెలియన్ ఉంటుంది కదా, అందరూ మందు కొట్టి చంపే పసుప్పచ్చ పూల కలుపు, అది దానికి విందు, ఆకూ పువ్వూ రెండూ. మీ లాన్‌కి ఎవరైనా మందు కొట్టే వాళ్ళు వస్తుంటే మాత్రం ఆ ఆకు ముట్టుకోకండి. చలికాలం షాపులో ఎండివ్, ఎస్కరోల్, రాడిచియో, టర్నిప్ ఆకులు కొనండి. మందార ఆకులు, పువ్వులు చాలా ఇష్టం. ముళ్ళు తీసేసిన నాగజెముడు పట్టలు మెక్సికన్ షాపుల్లో నోపాలెస్ అని దొరుకుతాయి. వారానికి రెండుసార్లు చిటికెడు కాల్షియం పొడి చల్లండి. పళ్ళెంలో కాకుండా నాపరాయి మీదే పెట్టండి, కొరికేటప్పుడు ముక్కు అరుగుతుంది, లేకపోతే చిలక ముక్కులా పెరిగిపోతుంది.

నీళ్ళకి మాత్రం పూలకుండీ కింద పెట్టే మట్టి పళ్ళెం. అంచు మట్టికి సమానంగా పాతండి. కుక్కల గిన్నెలు ఎత్తుగా ఉంటాయి, ఎక్కి తిరగబడితే లేవలేదు.


మణికొండ_మధు:

ఇంత వివరంగా తెలుగులో చదవడం ఇదే మొదటిసారి, థ్యాంక్స్. మాది హైదరాబాద్. మాకు తెలిసినాయన ఒకరు నక్షత్ర తాబేలు తెచ్చిస్తానంటున్నాడు, ఇంట్లో ఉంటే కలిసొస్తుందట. చిన్నది, అరచేతిలో పడుతుంది. బాల్కనీలో ఇలాంటి సెటప్పే చేస్తే సరిపోతుందా? మాకెలాగూ ఎండకి కొదవలేదు.


సిక్కోలు_పిల్ల:

మధు గారూ, వద్దు. సెటప్ గురించి తర్వాత, ముందు కేసు గురించి ఆలోచించండి.

నక్షత్ర తాబేలు మన వన్యప్రాణి చట్టం 1972 కిందకి వస్తుంది, 2022 సవరణలో దాన్ని మొదటి షెడ్యూల్లోకి, అంటే పులి ఉన్న చోటికి మార్చారు. ఇంట్లో పెట్టుకుంటే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు, కనీసం 25,000 జరిమానా. కొన్నవాడికీ అంతే, అమ్మినవాడికీ అంతే. దేశాల మధ్య వ్యాపారం కూడా 2019లో పూర్తిగా ఆపేశారు. చిత్తూరు వైపు మెట్ట పొలాల్లో, తుప్పల్లో ఏరి, గుడ్డలో చుట్టి, సూట్‌కేసుల్లో కుక్కి ఎయిర్‌పోర్టుల్లో దాటిస్తుంటే పట్టుకుంటారు చూడండి వార్తల్లో, మీ తెలిసినాయన దగ్గరికి వచ్చింది కూడా అలాంటి సంచిలోంచే అయ్యుంటుంది. వాటిలో దారిలోనే చచ్చిపోయేవి ఎన్నో.

కలిసిరావడం గురించి: మాది శ్రీకాకుళం, శ్రీకూర్మం గుడి మా ఊరికి దగ్గర. అక్కడ గుడి ఆవరణలో ఈ నక్షత్ర తాబేళ్ళు ఉంటాయి. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, డిప్ప మీద పసుపుపచ్చ గీతలు ఒక చుక్క దగ్గర నుంచి కిరణాల్లా విచ్చుకుంటాయి. దణ్ణం పెట్టుకోవాలనిపిస్తే అక్కడికి రండి, మంచి గుడి, రెండు ధ్వజస్తంభాలు కూడా ఉన్నాయి.

మీకు ఎక్కడైనా రోడ్డు మీద దొరికితే ఇంటికి తీసుకెళ్ళకుండా అటవీ శాఖ వాళ్ళకి ఫోన్ చేయండి. విదేశీ జాతులు పెంచుతామన్నా, చట్టంలో నాలుగో షెడ్యూల్లో ఉన్నవాటిని కేంద్రం వాళ్ళ పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయాలి, 2024 నుంచి దానికి రూల్స్ ఉన్నాయి. కాగితం లేకుండా అమ్మే షాపువాడి మాట నమ్మొద్దు.


మణికొండ_మధు:

అమ్మో. ఏడేళ్ళా! అన్నకి ఇప్పుడే వద్దని చెప్పేశాను. ఎక్కడ పట్టావు అంటే ఫోన్ పెట్టేశాడు.


నోవై_నాన్న:

అందరికీ, ముఖ్యంగా మట్టిచేతులు గారికి. మూడున్నర వారాలు అయింది, ఏం జరిగిందో రాయకపోతే బాగుండదని వచ్చాను.

డాక్టర్ పెంట చూసి సన్న పురుగులు బాగా ఉన్నాయన్నారు, మందు రెండు డోసులు ఇచ్చారు. కళ్ళకి చుక్కలు. ఒంట్లో నీళ్ళు తక్కువని అక్కడే ఇంజెక్షన్‌తో ఎక్కించారు. బల్బు ఫోటో చూపిస్తే తల అడ్డంగా ఊపారు. మొదటి రోజు బరువు 486 గ్రాములు, నిన్న 521. తూచడానికి వేరే త్రాసు కొన్నాను, మా ఆవిడ దాని మీద పెద్ద అక్షరాలతో "బూరె మాత్రమే" అని రాసింది.

బిల్లీ దొరకలేదు, స్టాక్ లేదన్నారు. హార్డ్‌వేర్ షాపులో ప్లైవుడ్ కోయించి ఆరడుగులు మూడడుగులతో పెట్టె కొట్టాను, గోడలు 16 అంగుళాలు, గొర్రెపిల్ల కథ చదివాక తక్కువ పెట్టే ధైర్యం రాలేదు. నేను మేకు కొట్టింది ఇంజినీరింగ్ వర్క్‌షాప్ ల్యాబ్ తర్వాత ఇదే. ఒక మూల పావంగుళం తేడా వచ్చింది, మట్టి పోశాక కనిపించట్లేదు.

మొదటి రోజు గన్‌తో చూస్తే రాయి మీద 118 డిగ్రీలు. గుండె ఆగినంత పనైంది, లోపల పెట్టకముందే చూడబట్టి సరిపోయింది. గొలుసు మూడు లింకులు పైకి లాగితే 104, ఇంకో లింకు లాగితే 98. చల్ల వైపు 72. మీరు 75 వాట్లు అన్నారు, నేను పెద్ద పెట్టె కదా అని 90 కొన్నాను, తప్పు నాదే.

పెట్టెలో వదలగానే ఒక గంట గోడల వెంట చుట్టూ తిరిగింది. గీకలేదు. తర్వాత చల్ల వైపు సగం పాతిన కుండపెంకు కిందకి వెళ్ళి ముందు కాళ్ళతో మట్టి వెనక్కి తోయడం మొదలుపెట్టింది, ఒక కాలు, తర్వాత ఇంకో కాలు, ఆగి, మళ్ళీ. మట్టి దాని వీపు మీద పడుతుంటే కళ్ళు మూసుకుంటోంది, ఈసారి జబ్బుతో కాదు. ఇరవై నిమిషాల్లో డిప్ప వెనక భాగం తప్ప ఏమీ కనిపించలేదు. మా అమ్మాయీ నేనూ నేల మీద పడుకుని చూస్తూనే ఉన్నాం, ఒక మీటింగ్ మిస్సయ్యాను.

మర్నాడు పొద్దున అత్తగారు "అల్లుడూ, తాబేలు పారిపోయింది" అని కేక. మట్టిలోంచి వేలితో తవ్వి చూపించాల్సి వచ్చింది. ఇప్పుడు ఆవిడే లైటు వెలిగిన అరగంటకి వెళ్ళి, వచ్చిందా లేదా అని చూస్తారు. ఇంట్లో కుండీలో మందార చెట్టుంది, ఈ చలిలో రెండు రోజులకి ఒక పువ్వు పూస్తే గొప్ప, అది ఇంతకాలం దేవుడి పటానికి పెట్టేవారు. మొన్నటి నుంచి నాపరాయి మీద పెడుతున్నారు. ఏమిటత్తయ్యా అంటే "ఎవరికి పెడితే ఏం, ఇద్దరూ ఒకటే" అన్నారు.

ఒక్క డౌటు. డిసెంబర్ 20 నుంచి మూడు వారాలు ఇండియా వెళ్తున్నాం. టైమర్లున్నాయి కదా, రెండు రోజులకోసారి పక్కింటి వాళ్ళు వచ్చి ఆకులు వేస్తే సరిపోతుందా?


మట్టిచేతులు:

35 గ్రాములు పెరిగిందా, శభాష్ బూరె!

ఆరోగ్యంగా ఉన్నదైతే రెండు రోజులకోసారి తిండి చాలు. కానీ మీది ఇప్పుడిప్పుడే లేచింది, పైగా బల్బు మాడిపోతే ఎవరికి తెలుస్తుంది? పక్కింటివాళ్ళని రోజూ ఒక్క నిమిషం వచ్చి చూడమనండి: లైటు వెలుగుతోందా, నీళ్ళ పళ్ళెంలో నీళ్ళున్నాయా, ముక్కులో బుడగలు లేవు కదా. కొత్త హాలోజెన్ బల్బు ఒకటి పెట్టె పక్కనే పెట్టి వెళ్ళండి. 75 వాట్లది తెచ్చాక ఎత్తు మళ్ళీ గన్‌తో చూసి, గొలుసు ఏ లింకు దగ్గర ఉండాలో అక్కడ ఎర్ర దారం కట్టండి, మార్చేటప్పుడు వాళ్ళు కిందకి దించేస్తే మళ్ళీ 118. డాక్టర్ నంబరు ఫ్రిజ్ మీద అంటించండి. థర్మోస్టాట్ మీరు వెళ్ళే వారం ముందు ఒకసారి పరీక్షించుకోండి, నాది ఒకటి సరిగ్గా క్రిస్మస్ రోజే పోయింది.

అలా రోజూ వచ్చేవాళ్ళు దొరక్కపోతే చెప్పండి. నోవై నుంచి కొలంబస్ మూడున్నర గంటలు, విడిగా పెట్టడానికి మా బేస్‌మెంట్‌లో పాత పెట్టె ఖాళీగా ఉంది.